చమురు పోయినా చెవి వుండాలి

విమానం పైకి లేవడం శాస్త్రం, కిందికి దిగడం అదృష్టం అని మా వీధిలో ఒక పెద్దమనిషి సిద్ధాంతం. ఆయన జన్మలో విమానం ఎక్కలేదు. అందుచేత ఆ సిద్ధాంతానికి ఎదురు లేదు. 2024 అక్టోబరు 11న తిరుచిరాపల్లి విమానం సంగతి జరిగాక దానికి మరీ పలుకుబడి వచ్చింది.

పాఠకులకి జ్ఞాపకం వుండే వుంటుంది. ఆ సాయంత్రం 141 మందితో షార్జాకి బయల్దేరిన బోయింగ్ 737 విమానానికి, లేచిన కాసేపటికే హైడ్రాలిక్ లోపం కనబడింది. వెనక్కి రావాలన్నారు. కాని వెంటనే దిగలేదు. రెండు గంటలకు పైగా ఆ వూరి చుట్టుపక్కలే ఆకాశంలో ప్రదక్షిణాలు చేసింది. కింద ఫైరింజన్లు, అంబులెన్సులు సిద్ధంగా నిలిచాయి. టెలివిజన్ ముందు జనం ఊపిరి బిగబట్టి కూచున్నారు. మన కోనసీమలోనూ, కరీంనగరు వైపునా, కడప జిల్లాలోనూ గల్ఫులో ఒక మనిషైనా లేని వూరు అరుదు కనక, తిరుచిరాపల్లి ఎక్కడుందో తెలియని తల్లులు కూడా ఆ రాత్రి దేవుడికి దణ్ణం పెట్టుకునే వుంటారు. ఎనిమిది దాటాక విమానం మామూలుగా వచ్చి దిగింది. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు.

అందరూ "అమ్మయ్య" అన్నారు. మర్నాటికి మర్చిపోయారు. నేను మాత్రం మా మేనల్లుణ్ణి పట్టుకున్నాను. అతను విమానాలు మరమ్మతు చేసే ఇంజనీరు. మా ఇంటికొస్తే చెడిపోయిన మిక్సీ వైపు కన్నెత్తి చూడడు గాని, విమానం మాట ఎత్తితే కాఫీ చల్లారిపోయేదాకా చెబుతాడు. అతను చెప్పిందీ, ఆపైన నేను చదివి తెలుసుకున్నదీ కలిపి ఈ వారం మీ ముందు పెడుతున్నాను.

"ఇంతకీ హైడ్రాలిక్ అంటే ఏమిట్రా?" అన్నాను.

"కంకర దింపే టిప్పరు లారీ చూశావు కదా, మామయ్యా. అన్ని టన్నుల కంకరతో వున్న తొట్టిని ఎవరు పైకెత్తుతున్నారు? డ్రైవరు వేలితో ఒక మీట కదిపాడు, అంతే. ఎత్తేది తొట్టి కింద వున్న లావుపాటి గొట్టంలోకి పంపు తోసే చమురు. విమానంలోనూ అదే."

మూసిన పాత్రలో వున్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే, ఆ ఒత్తిడి తగ్గకుండా అన్ని వైపులకీ పాకుతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ అనే ఫ్రెంచి మేధావి చెప్పాడు. సన్నగొట్టంలో కొద్ది బలంతో తోస్తే లావుగొట్టంలో పెద్ద బలమై తేలుతుంది. పెద్ద విమానంలో రెక్కల వెనక ఆడే పలకలు, తోక పలకలు, చక్రాలు, బ్రేకులు - వీటిలో చాలాభాగం ఈ సూత్రం మీదనే కదులుతాయి. కారు టైరులో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 30 పౌన్ల చిల్లర. విమానం గొట్టాల్లో చమురు ఒత్తిడి 3,000 పౌన్లు. కొత్తరకం పెద్ద విమానాల్లో కొన్నిటికి 5,000. గంటకి వందల మైళ్ళ వేగంతో కొట్టే గాలికి ఎదురుగా ఆ పలకల్ని తిప్పాలంటే ఆమాత్రం బలం వుండాలి మరి. మనిషి కండలు దానికి చాలవు.

మా ఆవిడ పప్పులో రాళ్ళేరుతూ వింటోంది. "ఆ చమురు కారిపోతే?" అంది.

"ఒక్కొక్కప్పుడు కారిపోతుంది, అత్తయ్యా. గొట్టం చిట్లుతుంది, సీలు అరిగిపోతుంది, పంపు చెడిపోతుంది. అందుకే ఒక వ్యవస్థని నమ్ముకుని ఎవరూ విమానం కట్టరు. రెండో మూడో పెడతారు. ఒకే కప్పు కింద అన్నదమ్ములు ముగ్గురు వేరే పొయ్యిలు పెట్టుకున్నారనుకో. ఒకరి గిన్నె ఒలికిపోతే తక్కిన ఇద్దరి అన్నమూ పోదు కదా!"

ఎయిర్‌బస్ 320లో ఈ మూడిటికీ ఆకుపచ్చ, నీలం, పసుపు అని రంగుల పేర్లు. బోయింగ్ 737లో ఎ, బి అని రెండూ, ఆపద్ధర్మానికి మూడోదీ. ఎయిర్‌బస్ 320 ఎక్కినవాళ్ళకి ఒక్కొక్కసారి బయల్దేరే ముందు కాళ్ళ కింద కుక్క మొరుగుతున్నట్టు చప్పుడు వినబడుతుంది. అది కుక్కా కాదు, అపశకునమూ కాదు. ఆకుపచ్చా పసుపూ వ్యవస్థల్లో ఒకదాని బలం తగ్గినప్పుడు రెండోదాని బలాన్ని అరువిచ్చే యంత్రం అది. తమాషా ఏమిటంటే, బలం ఇస్తుంది గాని తన చమురు ఒక్క చుక్క కూడా అటు పోనివ్వదు. ఇప్పించేటప్పుడు ఇలాంటి అప్పే ఇప్పించాలి. రెండు ఇంజన్లూ ఆగిపోతే ఆ విమానం పొట్టలోంచి చిన్న పంకా ఒకటి బయటికి దిగి, ఎదురుగాలికి తిరుగుతూ నీలం వ్యవస్థకి ప్రాణం పోస్తుంది.

"సరే. దిగడానికి వస్తున్నారు. రన్‌వే కనబడుతోంది. అప్పుడే గంట మోగి హెచ్చరిక దీపం వెలిగింది. పైలట్లు ఏం చేస్తారు?" అన్నాను.

"ముందు కంగారుగా ఏమీ చెయ్యరు" అన్నాడు.

హాస్యమాడుతున్నాడనుకున్నాను. కాదుట. అదే మొదటి పాఠమట. ముందు విమానం నడపడం, తర్వాత ఎటు పోవాలో చూసుకోవడం, ఆ తర్వాత మాట్లాడడం. ఈ వరస తప్పకూడదు. నేల దగ్గర పడుతున్నప్పుడు పుస్తకం విప్పి చదివే వ్యవధి వుండదు. కనక సాధారణంగా దిగడం మానుకుని మళ్ళీ పైకి పోతారు. ఎత్తూ, ఇంధనమూ వుంటే కాలం చేతిలో వున్నట్టే. కాలం చేతిలో వుంటే బుద్ధి పనిచేస్తుంది.

పైకి పోయాక ఇద్దరూ పని పంచుకుంటారు. ఒకరు విమానం నడుపుతారు. వారికి వేరే పని చెప్పకూడదు. రెండోవారు ఆపత్కాలపు చేతిపుస్తకం తీసి, ఆ లోపానికి రాసివున్న వరసలన్నీ పైకి చదువుతూ ఒక్కొక్కటే చేస్తారు. ఏళ్ళ తరబడి నడిపి కంఠస్థం వచ్చినా సరే, చదివే చెయ్యాలి. చెడిన పంపుని ఆపేసేముందు "ఇదేనా?" "ఇదే" అని ఇద్దరూ అనుకోవాలి. కంగారులో బాగున్న పంపుని ఆపేస్తే వున్న ఆ ఒక్క పొయ్యీ ఆరిపోతుంది. తర్వాత కింద వున్న కంట్రోలరుకి పరిస్థితి చెబుతారు. ప్రాణాపాయమైతే "మేడే" అని మూడుసార్లు, అంత కాకపోతే "పాన్ పాన్" అని. అక్కణ్ణించి మిగతా విమానాలన్నీ తప్పుకుంటాయి. ఫైరింజన్లు బయల్దేరతాయి.

ఆ పైన లెక్కలు. రెక్కల వెనక సాచుకునే ఫ్లాపులు సరిగ్గా రాకపోతే విమానం నెమ్మదిగా ఎగరలేదు. మామూలు కన్నా వేగంగా వచ్చి దిగాలి. వేగం పెరిగితే ఆగడానికి ఎక్కువ రన్‌వే కావాలి. ఈ వూళ్ళో అంత రన్‌వే వుందా, లేకపోతే పక్క వూరు పోదామా అని చూసుకోవాలి. బరువు కూడా తగ్గాలి. షార్జా దాకా సరిపోయే ఇంధనంతో లేచిన విమానం, లేచిన పావుగంటకే దిగితే చక్రాల మీదా బ్రేకుల మీదా పడే బరువు ఎక్కువ. కొన్ని పెద్ద విమానాలు గాలిలోనే ఇంధనం పారబోసుకోగలవు. 737కి ఆ ఏర్పాటు లేదు. తిరిగి తిరిగి కాల్చుకోవలసిందే. తిరుచిరాపల్లి మీద ఆ ప్రదక్షిణాల రహస్యం ఇదీ. మనకి గుండె దడ పుట్టించిన ఆ రెండు గంటలూ నిజానికి విమానం క్షేమంగా దిగడానికి కట్టుకున్న మదుపు.

ఇక చక్రాలు. "చమురు లేకపోతే చక్రాలు దిగవు కదా?" అంది మా ఆవిడ.

"పైకి ఎత్తడానికే చమురు కావాలి, అత్తయ్యా. దించడానికి భూమ్యాకర్షణ చాలు. గొళ్ళెం తీస్తే వాటి బరువుకి అవే పడి తాళం పడతాయి. 737లో కుడివైపు పైలటు సీటు వెనక నేలలో చిన్న మూత వుంటుంది. దాని కింద మూడు పిడులు, ఒక్కో చక్రాల జతకి ఒకటి. లాగితే సరి. ఎయిర్‌బస్ 320లో ఇద్దరి మధ్యా వున్న పిడిని మూడు చుట్లు తిప్పుతారు."

బ్రేకులకి కూడా ముందే ఒత్తిడి దాచిపెట్టిన సీసాలాంటి పాత్ర వుంటుంది. కాని అందులో బలం ఏ కొద్దిసార్లకో సరిపోతుంది. కనక సైకిలు బ్రేకులా నొక్కుతూ వదులుతూ వుండకూడదు. ఒకసారి నొక్కి, పట్టు సడలించకుండా ఆపాలి. దిగాక ముందు చక్రం తిప్పే శక్తి పోయివుంటే విమానం రన్‌వే మీదనే నిలిచిపోతుంది. ట్రాక్టరు వచ్చి లాక్కుపోవాలి. బ్రేకులు కాలివుంటాయి కనక ఫైరింజన్లు చుట్టూ చేరతాయి. కిటికీలోంచి అది చూసి "అయిపోయింది రా దేవుడా" అనుకోనక్కర్లేదు. అప్పటికి అయిపోయింది ప్రమాదం. మనం చెయ్యవలసిందల్లా చెప్పిన మాట విని కూచోవడం. దిగి పరుగెత్తమంటే పైన వున్న సంచుల కోసం చేతులు చాచకుండా పరుగెత్తడం. ఆవకాయ జాడీ మళ్ళీ పెట్టుకోవచ్చు.

ఇంతవరకూ యంత్రం సంగతి. అసలు నేను చెప్పదలుచుకున్నది మనుషుల సంగతి. దానికి రెండు కథలున్నాయి. రెండూ అమెరికావి, రెండూ యునైటెడ్ అనే ఒకే కంపెనీవి. మధ్య పదకొండేళ్ళ తేడా.

మొదటిది 1978 డిసెంబరు 28. డిసి-8 విమానం పోర్ట్‌లాండ్ నగరంలో దిగబోతూ చక్రాలు దించింది. చక్రాల్ని ఎత్తీ దించే హైడ్రాలిక్ గొట్టం తాలూకు కడ్డీ తుప్పు తిని విరగడంతో, కుడివైపు చక్రం ధభాలున పడింది. దిగినట్టు చెప్పే పచ్చదీపం వెలగలేదు. కాప్టెన్ అనుభవజ్ఞుడే. తొందరపడలేదు. ఆకాశంలో తిరుగుతూ చక్రం సంగతి విచారించాడు, ప్రయాణీకుల్ని సిద్ధం చేయించాడు. అంతా పద్ధతి ప్రకారమే. కాని ఒక గంట గడిచింది. పక్కనున్న ఇద్దరికీ ఇంధనం తగ్గిపోతోందని తెలుసు. అన్నారు కూడా. అయితే ఎలా అన్నారు? పెద్దాయనతో చెబుతున్నట్టు, నసుగుతూ అన్నారు. ఆయన మనసంతా ఆ వెలగని దీపం మీదనే వుంది. ఆ మాట చెవిన పడింది గాని లోపలికి దిగలేదు. నాలుగు ఇంజన్లూ వరసగా ఆరిపోయాయి. విమానాశ్రయానికి కొద్ది మైళ్ళ దూరంలో, ఊరి శివార్లలో విమానం పడింది. 189 మందిలో పదిమంది పోయారు. మంటలు రాలేదు, రావడానికి ఇంధనం వుంటే కదా! తర్వాత చూస్తే చక్రం దిగే వుంది.

విమానంలో చక్రం బాగుంది, ఇంజన్లు బాగున్నాయి, ముగ్గురి బుర్రలూ బాగున్నాయి. ఒకరి నోటికీ ఇంకొకరి చెవికీ మధ్య దారి మూసుకుపోయింది. ఈ ప్రమాదం తర్వాత విచారణ సంఘంవారు దాన్నే వేలెత్తి చూపించారు. యునైటెడ్ కంపెనీ 1980 దశకం మొదట్లో తన పైలట్లకి కొత్త పాఠం మొదలుపెట్టింది. విమానం నడపడం కాదు, మాట్లాడడమూ వినడమూ నేర్పే పాఠం. చిన్నవాడు తెగించి చెప్పాలి, పెద్దవాడు తగ్గి వినాలి. ముసలి కాప్టెన్లు కొందరు ఇదేం చోద్యమని నవ్వుకునే వుంటారు.

రెండో కథ 1989 జూలై 19. డెన్వర్ నుంచి షికాగో వెళ్ళే డిసి-10 విమానం, 296 మంది. 37,000 అడుగుల ఎత్తున తోకలో వున్న ఇంజన్ పగిలింది. దాని ముక్కలు తూటాల్లా దూసుకుపోయి మూడు హైడ్రాలిక్ వ్యవస్థల గొట్టాల్నీ తెంచేశాయి. ముగ్గురన్నదమ్ముల పొయ్యిలూ వేరే గాని, ముగ్గురి గొట్టాలూ ఆ తోకలో ఒక్కచోటు మీదుగా పోతున్నాయి. చమురంతా పోయింది. పైలటు చేతిలో కర్ర తిప్పితే విమానం తిరగదు. ఇది జరిగే అవకాశం లేదనుకుని, దీనికి చేతిపుస్తకంలో పేజీ కూడా రాయలేదు.

కాప్టెన్ ఆల్ఫ్రెడ్ హేన్స్. అప్పటికి ముప్ఫై ఏళ్ళకు పైగా నడిపినవాడు. విమానం కుడివైపుకి ఒరిగి తిరగబడబోతూంటే, మిగిలిన రెండు ఇంజన్లలో ఒకదాని వేగం తగ్గించి రెండోదాని వేగం పెంచారు. ఒరగడం ఆగింది. అంటే ఎడమ ఇంజన్ జోరు పెంచితే విమానం కుడికి తిరుగుతుంది, కుడిది పెంచితే ఎడమకి. రెండూ పెంచితే ముక్కు లేస్తుంది, తగ్గిస్తే వాలుతుంది. పడవకి చుక్కాని పోతే తెడ్లతోనే తిప్పుకోవడంలాంటిది. కాని తెడ్డులా వెంటనే పలకదు. విమానం పెద్ద ఉయ్యాలలా ముక్కు ఎత్తుతూ దించుతూ వుంటుంది. అది వాలబోయే ముందే జోరు పెంచాలి, లేవబోయే ముందే తగ్గించాలి.

అప్పుడు ప్రయాణీకుల్లోంచి ఒకాయన కబురు పంపాడు. నేను డిసి-10 నడపడం నేర్పే పంతుల్ని, నావల్ల అయ్యే సాయం వుంటే వస్తాను అని. పేరు డెన్నిస్ ఫిచ్. వెనకటి కాలపు కాప్టెన్ అయితే "నా విమానంలో ఇంకొకడి పెత్తనమా?" అనేవాడేమో. హేన్స్ వెంటనే రమ్మన్నాడు. ఆయన సీట్ల మధ్య నేలమీద మోకరించి, రెండు ఇంజన్ల మీటలూ రెండు చేతులా పట్టుకున్నాడు. 1985లో జపానులో 520 మందిని పొట్టపెట్టుకున్న ప్రమాదంలోనూ ఇలాగే చమురంతా పోయిందని తెలిసి, అలాంటి పరిస్థితిలో ఇంజన్లతో నడపడం ఎలాగా అని ఆయన అంతకుముందే శిక్షణ యంత్రం మీద కూచుని ప్రయత్నించి చూసినవాడట! హేన్స్, సహపైలటు రికార్డ్స్, ఇంజనీరు డ్వోరాక్, ఫిచ్ - నలుగురూ ఆలోచన చెప్పేవారే, నలుగురూ వినేవారే. మధ్యలో పరాచికాలు కూడా ఆడుకున్నారు. ఇది అయ్యాక కలిసి బీరు తాగుదామని ఫిచ్ అంటే, నాకు అలవాటు లేదు గాని ఇవాళ మాత్రం తాగి తీరతానన్నాడు హేన్స్. సూ సిటీ విమానాశ్రయంలో ఏ రన్‌వే మీదైనా దిగండని కంట్రోలరు అంటే, రన్‌వే మీదే దిగాలంటారా అని నవ్వాడు. అలా 44 నిమిషాలు.

మామూలుగా 140 నాట్ల వేగంతో దిగవలసిన విమానం 200 నాట్లు దాటిన వేగంతో వచ్చింది. నేల తాకేముందు ఉయ్యాల మళ్ళీ కిందికి ఊగింది. కుడి రెక్క తగిలి, విమానం ముక్కలై, మండుతూ మొక్కజొన్న చేలో పడింది. 112 మంది పోయారు. 184 మంది బతికారు. ఆ నలుగురూ బతికారు.

తర్వాత అనుభవమున్న పైలట్లని శిక్షణ యంత్రాల్లో కూచోబెట్టి అదే పరిస్థితి కల్పించి దింపమన్నారు. రన్‌వే మీద క్షేమంగా దింపడం సాధ్యం కాదని తేలింది. విచారణ సంఘంవారు ఆ నలుగురి పనితనాన్ని మెచ్చుకుంటూ, న్యాయంగా ఆశించదగినదానికి ఎంతో మించినదని రాశారు. ఆ ఇంజన్ చక్రంలో లోహం పోతపోసినప్పుడే పడ్డ లోపం వుందనీ, అందులోంచి పుట్టిన బీటని తనిఖీలో పట్టుకోలేకపోయారనీ తేలింది. డిసి-10 గొట్టాల్లో, తోక దగ్గర తెగితే చమురంతా పోకుండా అడ్డుకునే కవాటాలు అమర్చారు.

హేన్స్ ఆ తర్వాత వూరూరా తిరిగి ఈ కథ చెప్పాడు. తన గొప్ప చెప్పుకోవడానికి కాదు. మా నలుగురికీ కలిపి 103 ఏళ్ళ అనుభవం వుంది, కాని ఇలాంటి విమానాన్ని దింపడం అందులో ఎవరమూ ఒక్క నిమిషం కూడా అభ్యాసం చెయ్యలేదు. అలాంటప్పుడు నాకు వాళ్ళకన్నా ఎక్కువ ఏం తెలుసు, అనేవాడు. కాప్టెన్ మాటే వేదమనే పాత పద్ధతిలో వుండివుంటే మేము అక్కడిదాకా వచ్చేవాళ్ళం కాదనేవాడు. 2019లో పోయాడు. 2003 నవంబరు 22న బాగ్దాదు మీద క్షిపణి దెబ్బకి చమురంతా పోయిన డి.హెచ్.ఎల్. సరకు విమానాన్ని, అందులో వున్న ముగ్గురూ ఇంజన్ల జోరుతోనే నడిపి రన్‌వే మీదికి తెచ్చారు. విమానం పక్కకి ఇసకలోకి పోయింది గాని, ముగ్గురూ నడిచి దిగారు.

కథ విని మా ఆవిడ చాలాసేపు ఊరుకుంది. తర్వాత, "ఆ మొదటి విమానంలో పక్కనున్నవాళ్ళు నసగడమెందుకు? ఇంధనం అయిపోతోందని గట్టిగా అరవొద్దూ?" అంది.

"వినేవాళ్ళు ఎదురుగా వుంటేనే అత్తయ్యా, గట్టిగా చెప్పబుద్ధయ్యేది" అన్నాడు మేనల్లుడు.

ఈ ముక్క కాక్‌పిట్ గోడలు దాటి చాలా దూరం పోతుంది. ఇంటి యజమాని అప్పు పత్రం మీద సంతకం పెడుతూంటే, కాలేజీ చదువుతున్న కూతురు "నాన్నా, వడ్డీ లెక్క చూశావా?" అని నసుగుతుంది. ఆస్పత్రిలో పెద్ద డాక్టరుగారు మందు రాస్తూంటే, కొత్తగా చేరిన నర్సు "ఆయనకి ఇది పడదేమోనండీ" అని గొణుగుతుంది. అలా గొణుక్కోవలసిన అవసరం లేకుండా చెయ్యవలసింది కుర్చీలో కూచున్నవారే. చమురు పోతే ఇంజన్లున్నాయి, అవీ పోతే గాలి వుంది. చెవి మూసుకున్నవాణ్ణి దింపే యంత్రం మాత్రం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.